మార్కు వేసే చెయ్యి, ప్రశ్న అడిగే నోరు

ప్రశ్న: స్కూలు చివరి పరీక్షల్లో రెండో భాషకు మౌఖిక పరీక్ష ఉంది. ఈసారి నన్నూ ఎగ్జామినర్‌గా వేశారు. 20 మార్కులు, ఒక్కొక్కరికి 12 నిమిషాలు, గదికి ఇద్దరం. మార్కింగ్ స్కీములో నాలుగు అంశాలున్నాయి: ధారాళంగా మాట్లాడటం, పదాలూ వ్యాకరణమూ, ఉచ్చారణ, సంభాషణ నడపటం. ఒక్కోదానికి 5. పాసుకు 8 రావాలి. అలవాటు కోసం పాత రికార్డింగు ఒకటి విని నేను 15 వేస్తే, నాతో కూర్చోబోయే సార్ 11 వేశారు. ఆయన సర్వీసులో నాకంటే చాలా పెద్ద. "కొత్త కదమ్మా, చెయ్యి కాస్త బిగించాలి" అన్నారు. నేను ఆయన లెక్కకు దిగాలా? బట్టీ కొట్టి వచ్చినవాళ్లకూ, భయంతో నోరు పెగలనివాళ్లకూ ఎలా వేయాలి? ఫలానా గదిలో పడితే మార్కులు రాలతాయి, పక్క గదిలో పడితే రావు అని పిల్లలు అనుకుంటారు. రేపు తల్లిదండ్రులొచ్చి అడిగితే ఏం చెప్పను?

సమాధానం:

ఇప్పుడే దిగకండి. ఆయన్ని 15కు ఎక్కించాలనీ చూడకండి. ఇద్దరూ కలిసి 13 దగ్గర రాజీ పడటం మాత్రం అన్నిటికంటే చెడ్డ పని. ఆ 13 ఎందుకు వచ్చిందో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. రేపు వచ్చే విద్యార్థి దగ్గర మళ్లీ ఇదే తేడా వస్తుంది, మళ్లీ బేరమాడాలి.

ముందు ఆ 15నీ, 11నీ విప్పి చూడండి. మీవి వరసగా 4, 4, 3, 4 అనీ, ఆయనవి 3, 2, 3, 3 అనీ అనుకుందాం. అప్పుడు ఉచ్చారణలో మీ ఇద్దరికీ పేచీ లేదు. ధారాళతలో ఒకటి, సంభాషణలో ఒకటి తేడా. మిగతా రెండూ ఒక్క వ్యాకరణంలోనే ఉన్నాయి. ఇక అడగాల్సింది ఒకటే: "సార్, ఏ వాక్యం విని 2 వేశారు?" ఆయన తప్పులు చెబుతారు. మీరు ఆ విద్యార్థి సాహసించి కట్టిన పెద్ద వాక్యాలు చెబుతారు. ఆయన తప్పుల్ని లెక్కపెట్టారు, మీరు ప్రయత్నాల్ని లెక్కపెట్టారు. ఇద్దరూ ఒకే రికార్డింగు విన్నారు గానీ ఒకే పరీక్ష దిద్దలేదు. స్కీములో 4కు ఎదురుగా ఏం రాసి ఉందో, 2కు ఎదురుగా ఏం రాసి ఉందో అప్పుడు ఇద్దరూ కలిసి చదవండి. అక్కడ "వైవిధ్యం" అన్న మాట ఉంటే ఆయన కొంత కదలాలి, "కచ్చితత్వం" అని ఉంటే మీరు కదలాలి. రెండూ ఉంటే (చాలా స్కీముల్లో రెండూ ఉంటాయి) దేనికి ఎంత బరువో పరీక్ష మొదలవకముందే చీఫ్ ఎగ్జామినర్‌ని అడిగి రాసి పెట్టుకోండి.

ఒక్క రికార్డింగుతో ఎవరి చెయ్యి బిగువో తేలదు. కనీసం ఐదు కావాలి. అందులో బాగా మాట్లాడినవారు ఒకరు, పాసు గీత దగ్గర ఊగేవారు ఇద్దరు ఉండేలా చూసుకోండి. విడివిడిగా వినండి, విడివిడిగా వేయండి, ఆ తర్వాతే కాగితాలు పక్కపక్కన పెట్టండి. మీవి 15, 12, 17, 9, 14 అనుకుందాం. ఆయనవి 11, 9, 14, 6, 10. సగటున 3.4 తేడా. భయపడాల్సినంత ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ఇది నయమయ్యే జబ్బు. తేడా ప్రతిసారీ 3 లేదా 4, అంటే ఇద్దరూ పిల్లల్ని దాదాపు ఒకే వరసలో నిలబెడుతున్నారు. కొలబద్ద మాత్రం ఒకరిది కాస్త కిందికి జరిగి ఉంది.

అదే ఆయనవి 11, 14, 13, 12, 14 అయితే? సగటు తేడా 0.6 మాత్రమే. "మా ఇద్దరికీ బాగానే కుదిరింది" అని టీ తాగడానికి వెళ్లిపోతారు. కానీ విడివిడిగా చూడండి: ఒకరికి 4 తక్కువ, ఒకరికి 2 ఎక్కువ, మళ్లీ 4 తక్కువ, 3 ఎక్కువ, ఒకరికి సమానం. మీరు 9 వేసినచోట ఆయన 12 వేశారు. ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలు కొలుస్తున్నారు. దీన్ని ఏ సర్దుబాటూ బాగుచేయదు, కూర్చుని స్కీము మళ్లీ మొదటినుంచి చదవడమే. అందుకని సగటు చూసి మోసపోకండి, ఒక్కో విద్యార్థి దగ్గర తేడా చూడండి. "మా మార్కులు చక్కగా కలిసి నడుస్తున్నాయి" అనే సహసంబంధం లెక్కను కూడా నమ్మకండి. ఒకరు అందరికీ 4 చొప్పున తక్కువ వేసినా ఆ లెక్క నూటికి నూరు చూపిస్తుంది.

ఇంకో మాట. శిక్షణతో ఎగ్జామినర్ తనతో తాను నిలకడగా ఉండటం నేర్చుకుంటారు. చెయ్యి బిగువు మాత్రం అంత తేలిగ్గా పోదు. దీన్ని పరిశోధనలు పదేపదే చూపాయి. కాబట్టి ఆయన్ని మార్చడం మీ పని అనుకోకండి. ఇద్దరూ నిలకడగా ఉంటే, మిగిలిన తేడాను సగటు తీయడంతోనో, పై స్థాయిలో మోడరేషన్‌తోనో సర్దవచ్చు.

ఇంతవరకూ మార్కు వేసే చెయ్యి గురించి చెప్పాం. మీరు అడగనిది, అడగాల్సింది మరొకటి ఉంది. మౌఖిక పరీక్షలో అన్యాయం మార్కు వేసేటప్పుడే కాదు, ప్రశ్న అడిగేటప్పుడూ జరుగుతుంది. రాత పరీక్షలో ప్రశ్నాపత్రం అందరికీ ఒకటే. ఇక్కడ ప్రశ్నాపత్రంలో సగం మీ నోట్లో ఉంటుంది. 2003లో అనీ బ్రౌన్ ప్రచురించిన అధ్యయనంలో ఒకే అభ్యర్థిని ఇద్దరు వేర్వేరు ఇంటర్వ్యూయర్లు విడిగా మాట్లాడించారు. రికార్డింగులు విన్నవాళ్లు ఒకదానిలో ఆమెను మెరుగైన వక్తగా, రెండోదానిలో అంతకు తక్కువగా లెక్కగట్టారు. మనిషి అదే, భాష అదే. మారింది ఎదుటివాళ్లు అడిగిన తీరు.

అదెలా జరుగుతుందో దగ్గరగా చూడండి. తెలుగు రెండో భాషగా చదివిన అమ్మాయి, కార్డు మీద విషయం "సెలవులు". మొదటి గదిలో:

"సెలవుల్లో ఏం చేశావు?"
"ఈత నేర్చుకున్నానండి."
"ఓహో! ఈతంటే ఇష్టమా?"
"అవునండి."
"రోజూ వెళ్లేదానివా?"
"వెళ్లేదాన్నండి."
"భయం వేయలేదా?"
"లేదండి."

అదే అమ్మాయి రెండో గదిలో పడి ఉంటే:

"ఈత నేర్చుకున్నానండి."
"మొదటి రోజు ఎలా జరిగిందో చెప్పు."
"మొదటి రోజు... నీళ్లు చల్లగా ఉన్నాయి. నేను మెట్టు మీద కూర్చున్నాను. సార్ దిగమన్నారు. నేను దిగలేదు, ఎందుకంటే లోతు ఎంతో తెలీదు."
"మరి చివరికి ఎలా దిగావు?"
"మా చెల్లి దిగాడు. అందుకని నేనూ దిగాను."

మొదటి గదిలోని మేడమ్ నవ్వుతూ, ఆప్యాయంగా అడిగారు. పాప కంగారుపడలేదు. పక్కన కూర్చున్న ఎగ్జామినర్ మాత్రం "ఒక్క మాట జవాబులు, సంక్లిష్ట వాక్యాలు లేవు" అని రాసి 2 వేస్తారు. రాసింది నిజమే. కానీ ఆ వాక్యాలు రాకుండా అడ్డం కూర్చున్నది ప్రశ్నలడిగిన మేడమే. మంచితనం వల్ల మార్కు పోవడం అంటే ఇదే. ఇది విద్యార్థికీ తెలియదు, మార్కుల షీటు చూసినవాళ్లకూ తెలియదు. రికార్డింగు వింటేనే తెలుస్తుంది.

కాబట్టి పరీక్షకు ముందు కార్డు కార్డుకూ ప్రశ్నలు రాసుకోండి. ఒక్కో విషయానికి మూడు మెట్లు చాలు. మొదటిది చెప్పడం: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు. రెండోది వర్ణించడం లేదా జరిగింది వరసగా చెప్పడం. మూడోది కారణం చెప్పడం, పోల్చడం, ఊహించడం: "అది లేకపోతే ఏం చేసేదానివి?" ప్రతి విద్యార్థికీ మూడో మెట్టు ప్రశ్న ఒక్కసారైనా అందాలి. మొదటి రెండింటిలో తడబడినవాళ్లకు "పాపం, ఎందుకులే" అని మూడోది అడగకపోవడం దయలా కనిపిస్తుంది, కానీ 3 కంటే పైకి వెళ్లే దారి మూసేస్తుంది. బాగా మాట్లాడేవాళ్లతో కబుర్లలో పడి మూడోది మరచిపోవడమూ జరుగుతూనే ఉంటుంది. అవును, కాదు అనే జవాబుతో సరిపోయే ప్రశ్నలు మొదటి నిమిషంలో తప్ప వాడకండి. అందుకే కొన్ని పెద్ద పరీక్షల్లో ఎగ్జామినర్ మాట్లాడాల్సిన మాటలు కూడా అచ్చువేసి ఇస్తారు. కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షల్లో చాలావాటిలో ఒక ఎగ్జామినర్ అడుగుతారు, ఇంకొకరు పక్కన కూర్చుని అంశాలవారీగా మార్కులు వేస్తారు. రెండు పనులూ ఒకేసారి ఒకరే చేస్తే ఏదో ఒకటి చెడుతుంది. మీరూ ఇద్దరు ఉన్నారు కాబట్టి అడిగేవారు, రాసుకునేవారు అని విడగొట్టుకోండి, ప్రతి ఎనిమిది మందికీ మారండి.

మౌనం దగ్గర ఆగండి. చాలామంది ఆగరు. 1970ల్లో మేరీ బడ్ రో తరగతి గదుల్లో గమనించినదాని ప్రకారం, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగేవారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి. రెండో భాషలో మాట్లాడేవాళ్లు ప్రశ్న అర్థం చేసుకోవాలి, చెప్పాల్సింది ఆలోచించాలి, దానికి మాటలు వెతుక్కోవాలి. ఐదు సెకన్లు మనసులో లెక్కపెట్టండి. ఎంత పొడుగ్గా అనిపిస్తుందో చూస్తారు. అప్పటికీ రాకపోతే అదే ప్రశ్నను అదే మాటలతో, కాస్త నెమ్మదిగా మళ్లీ అడగండి. మాటలు మార్చి అడిగితే ఆ విద్యార్థి రెండో ప్రశ్నను మొదటినుంచి అర్థం చేసుకోవాల్సి వస్తుంది. అదీ కుదరకపోతే తేలిక మాటల్లో అడగండి. ఆ తర్వాత విషయం మార్చండి. ఎక్కడా వాక్యం మీరు పూర్తిచేయకండి, కావలసిన పదం అందించకండి. ఏ మెట్టు సాయం చేశారో షీటులో గుర్తు పెట్టుకోండి: మళ్లీ అడిగితే "మ", తేలిక చేస్తే "తే", విషయం మారిస్తే "మా". మార్కు వేసేటప్పుడు ఆ అక్షరాలు మాట్లాడతాయి. సాయం లేకుండా నడిపిన సంభాషణకూ, నాలుగుసార్లు "తే" ఉన్న సంభాషణకూ ఒకే మార్కు రాకూడదు. ఒక్క "మ"కు మార్కు తగ్గించాల్సిన పనిలేదు. మాతృభాషలో మాట్లాడేవాళ్లూ "ఏంటి?" అని అడుగుతారు. అసలు అర్థం కానప్పుడు మళ్లీ చెప్పమని అడగడం సంభాషణ నడపటంలో భాగం, దానికి మార్కు ఇవ్వాలి.

"వెరీ గుడ్" అనడం మానేయండి. అన్న మాట నిలవదు. ఆ పిల్లాడికి 9 వస్తే వాళ్ల నాన్న అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. "సరే", "ఇప్పుడు ఇంకొక విషయం" లాంటి మాటలు అందరికీ ఒకే స్వరంలో చాలు. తప్పు విన్నప్పుడు కనుబొమలు ముడిచే అలవాటుంటే అద్దం ముందు కూర్చుని మానుకోండి. తప్పును పరీక్షలో సరిదిద్దకండి, అది తరగతి కాదు.

ఇక భయంతో నోరు పెగలనివాళ్ల సంగతి. మొదటి ఒక నిమిషం మార్కులు లేని మాటలకు వదిలేయండి. పేరు, స్కూలు, పొద్దున ఎలా వచ్చారు. అందరికీ అదే ఒక నిమిషం, ఎక్కువ వద్దు. ఆ తర్వాత కూడా భయం కనిపిస్తే సాయం మెట్లన్నీ వాడండి, కానీ మార్కు మాత్రం విన్నదానికే వేయండి. "ఇది భయం, దీనికి లోపల భాష ఉంది" అని ఊహించి 3 కలిపితే, పక్కన కూర్చున్న నిశ్శబ్దపు పిల్ల లోపల ఏముందో మీకు ఎలా తెలుసు? అయితే భయాన్ని రెండుసార్లు శిక్షించకండి. ఆగి ఆగి మాట్లాడినందుకు ధారాళతలో తగ్గింది సరే. ఆ తడబాటు చూసే వ్యాకరణంలోనూ, ఉచ్చారణలోనూ తగ్గించడం మాత్రం తప్పు. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఇదే పట్టుకున్నారు: సైన్యంలో పై అధికారులు కిందివాళ్లకు వేర్వేరు గుణాలకు వేసిన అంచనాలన్నీ ఉండాల్సినదానికంటే దగ్గరగా ఉన్నాయి, ఒక గుణం నచ్చితే అన్నీ నచ్చినట్టే. మీ షీటులో వరసగా 3, 3, 3, 3 లేదా 4, 4, 4, 4 పదిమందిలో ఏడుగురికి కనిపిస్తే, మీరు నాలుగు అంశాలు కొలవడం లేదు, ఒక అభిప్రాయాన్ని నాలుగుసార్లు రాస్తున్నారు.

దీనికి మందు ఉంది. వినేటప్పుడు అంశానికి ఒక గడి గీసుకుని, మాటలు రాయండి, మార్కులు కాదు. ధారాళత గడిలో ఎక్కడ ఎంత ఆగారో, వ్యాకరణం గడిలో విన్న వాక్యాలు అలాగే. పైన ఈత అమ్మాయి మాటల్లో "సార్ దిగమన్నారు" అని రాయండి, "లోతు ఎంతో తెలీదు" అని రాయండి, "చెల్లి దిగాడు" అని కూడా రాయండి. మొదటి రెండూ ఇంకొకరి మాటను తన వాక్యంలో కలపడం, ప్రశ్నను వాక్యంలో ఇమడ్చడం. స్కీములో 4కు ఎదురుగా ఉండే రకం వాక్యాలు అవి. మూడోది లింగం తప్పిన క్రియ. చెవికి గట్టిగా తగులుతుంది, అర్థానికి ఏమీ కాదు. రాసుకోకపోతే మూడు నిమిషాల తర్వాత మీకు గుర్తుండేది ఆ "దిగాడు" ఒక్కటే.

తప్పుల్ని కూడా తూచాలి. "నేను రేపు వెళ్లాను" అంటే వెళ్లిందా, వెళ్తుందా తెలియదు. "అన్న నేను పుస్తకం ఇచ్చింది" అంటే ఎవరు ఎవరికి ఇచ్చారో తెలియదు. ఇవి వినేవాళ్లను ఆపే తప్పులు. "చెల్లి దిగాడు", "అమ్మ చెప్పాడు", "టీచర్ వచ్చాడు మేడమ్" అని ఆరుసార్లు అన్నా అది ఒకే లోటు, ఆరు తప్పులు కాదు. తనంతట తాను సర్దుకుని "దిగాడు... కాదు, దిగింది" అంటే దాన్ని తప్పుగా రాసుకోకండి.

యాస తప్పు కాదు. "పోతున్న", "వస్తున్న" అనే పిల్లలకు "పోతున్నాను" అనలేదని మార్కు తగ్గిస్తే మీరు భాషను కాదు, పుట్టిన ఇంటిని దిద్దుతున్నారు. ఉచ్చారణలో అడగాల్సింది "నాలాగా పలికిందా" అని కాదు, "అర్థం చేసుకోవడానికి ఎంత కష్టపడ్డాను" అని. ఐరోపా మండలి 2001లో తెచ్చిన భాషా స్థాయిల చట్రంలో ఉచ్చారణ కొలబద్దను 2018 అనుబంధంలో తిరగరాసి, మాతృభాషీయుల పలుకును గమ్యంగా పెట్టడం మానేసి, అర్థమవడాన్ని ముందు పెట్టింది కూడా ఇందుకే. ఇందులో ఒక చిక్కు ఉంది. విద్యార్థి మాతృభాష మీకూ వస్తే ఆ పలుకు మీ చెవికి అలవాటైపోయి, కష్టం తెలియదు, మార్కు ఒకటి పెరుగుతుంది. "ఈ పిల్లాడి ఇంటి భాష రాని మనిషికి ఇది అర్థమవుతుందా?" అని అడిగి చూసుకోండి.

ఇంట్లో ఆ భాషే మాట్లాడే పిల్లలు ఒక్కోసారి వస్తారు. వాళ్లకు వేరే కొలబద్ద లేదు. "నువ్వు ఇంకా బాగా చెప్పాలి కదా" అని బిగించడమూ, "వీడికి ఏముందిలే" అని మూడో మెట్టు ప్రశ్న అడక్కుండానే 20 వేయడమూ రెండూ పొరపాట్లే.

బట్టీ గురించి. బట్టీని చెవి పడుతుంది: వేగం ఒక్కసారి పెరుగుతుంది, స్వరం చదునవుతుంది, మిగతా మాటల్లో లేని బరువైన పదాలు వస్తాయి, కళ్లు పైకప్పు మీదికి వెళతాయి. అయినా "బట్టీ కొట్టావా?" అని అడగకండి, ముఖం మాడ్చకండి. అది నేరం కాదు, సిద్ధపడటంలో అదో రకం. ఒక వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, ఆ పాఠంలో ఉండే వీల్లేని ప్రశ్న వేయండి. "కాలుష్యాన్ని అరికట్టాలి" అని వల్లిస్తుంటే "నిన్న నువ్వు పారేసిన చెత్తలో ఏమేమున్నాయి?" అనండి. ఇప్పుడు వచ్చే మూడు, నాలుగు వాక్యాలే ఆ విద్యార్థి భాషకు అసలు నమూనా. వల్లించిన భాగాన్ని సున్నా చేయకండి (స్కీములో అలా రాసి ఉంటే తప్ప), ఉచ్చారణకు అదీ పనికొస్తుంది. సంభాషణ అంశంలోనూ, వ్యాకరణంలోనూ ఆశువుగా వచ్చినదాన్నే ముఖ్యంగా చూడండి. ప్రశ్నకు సంబంధం లేకుండా మళ్లీ పాఠంలోకే దూరితే సంభాషణలో 2 దాటనక్కరలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త: పిల్లలు బట్టీకి దిగడానికి సగం కారణం కార్డులు ముందే తెలిసిపోవడం. పొద్దున వచ్చినవాళ్లు మధ్యాహ్నంవాళ్లకు చెబుతారు, చెప్పకుండా ఉంటారని ఆశించకండి. రెండు మూడు కార్డుల కట్టలు ఉంచుకుని గంటగంటకూ మార్చండి, కార్డు విద్యార్థే తీయాలి.

కార్డులు కూడా అన్నీ ఒకటి కావు. "విమాన ప్రయాణం" ఎక్కని పిల్లకు భాషా పరీక్ష కాదు, ఊహల పరీక్ష. "మీ నాన్నగారి ఉద్యోగం" అని అడిగిన రోజున నాన్న లేని పిల్ల ఎదురుగా కూర్చుని ఉండవచ్చు. అలాంటి ప్రతి కార్డుకూ పక్కన ఒక మారు విషయం రాసి ఉంచండి. కార్డు మార్చుకునే అవకాశం ఇస్తే అది అందరికీ ఒక్కసారి ఇవ్వాలి, అడిగినవాళ్లకు మాత్రమే కాదు. ఇంకొకటి: చెప్పింది నిజమా, ఆ అభిప్రాయం మీకు నచ్చిందా అన్నది మార్కుల్లోకి రాదు. ఈత రాని పిల్ల ఈత నేర్చుకున్నానని అల్లి చెప్పినా అది భాషే.

నత్తి, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ల విషయం గదిలో అప్పటికప్పుడు తేల్చేది కాదు. ముందే జాబితా తెప్పించుకుని, అదనపు సమయం ఎంత, ఏ అంశంలో మినహాయింపు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నత్తి వల్ల వచ్చే విరామం పదం దొరక్క వచ్చే విరామం కాదు. రెంటినీ ధారాళత కింద కలిపి కొట్టకండి.

రోజు ఎలా పంచుకోవాలంటే: 12 నిమిషాల పరీక్ష, 3 నిమిషాలు రాసుకోవడానికి. గంటకు నలుగురు. ఆ మూడు నిమిషాల్లో తర్వాతివారిని పిలవకండి. ఎనిమిది మందయ్యాక పావుగంట విరామం. ఒక్క రోజులో 24 మందికి మించి వినమంటే ఒప్పుకోకండి. అలసిన చెవి ఏమీ వినదు, మధ్యలో 12, 13 వేసుకుంటూ పోతుంది. చివరి ఆరుగురి మార్కులు మొదటి ఆరుగురి కంటే ఇరుకుగా ఒకే చోట కుప్పపడితే అది అలసటే. పొద్దునా, భోజనం తర్వాతా మీరు శిక్షణలో దిద్దిన రికార్డింగు ఒకటి రెండు నిమిషాలు వినండి. పొద్దున 14 అనిపించింది మధ్యాహ్నం 12 అనిపిస్తే సర్దుకోవాల్సింది మీరే. చాలా బాగా మాట్లాడినవారి తర్వాత వచ్చినవారికి తెలియకుండానే ఒకటి తగ్గుతుంది. దానికి మందు పక్కవాళ్లతో పోల్చకుండా ప్రతిసారీ స్కీములోని వాక్యం చదవడమే. 20 నుంచి తగ్గించుకుంటూ రాకండి. "ఈ వర్ణనలో ఏ మెట్టు ఈ విద్యార్థికి దగ్గర" అని అడిగి అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఇద్దరూ మార్కు విడిగా, ఇంకుతో రాశాకే నోరు విప్పాలి. ఇది మీ విషయంలో మరీ ముఖ్యం, ఎందుకంటే సార్ ముందు చెబితే మీ 15 తనంతట తానే 12 అవుతుంది. మాట్లాడేటప్పుడు చిన్నవాళ్లు ముందు చెప్పాలి అన్న నియమం పెట్టుకుంటే ఆయన నొచ్చుకోరు, ఎందుకంటే అది మీ మాట కాదు, గది పద్ధతి. మొత్తంలో తేడా 2 వరకూ అయితే సగటు తీయండి. సగం మార్కు వస్తే పైకా, కిందికా అన్నది మొదటి రోజే ఒకసారి తేల్చి అందరికీ అదే పాటించండి. తేడా 3 లేదా అంతకు మించితే అంశంవారీగా చూడండి, రాసుకున్న వాక్యాలు చదవండి, రికార్డింగు వినండి. అప్పటికీ కుదరకపోతే మూడో మనిషి వినాలి, మీరిద్దరూ వేసిన మార్కులు చూడకుండా. పాసు గీతకు అటూ ఇటూ, అంటే 6 నుంచి 9 వరకూ వచ్చిన ప్రతి ఒక్కరినీ సాయంత్రం మళ్లీ వినండి. 7ను జాలిపడి 8 చేయడం న్యాయం కాదు, మళ్లీ విని 8 అని తేలితే అది న్యాయం. విన్నాక 8 కాస్తా 7 అయినా ఒప్పుకోవాలి, లేకపోతే వినడం నాటకమే.

గదుల మధ్య తేడా మీ ఇద్దరి చేతుల్లో లేదు, అయినా ఒకటి అడిగి చేయించవచ్చు. ఒక గదిలో సగటు 11, పక్క గదిలో 14 వస్తే, గది బిగువా, ఆ పిల్లలే బలహీనులా అన్నది ఆ అంకెలు చూసి ఎవ్వరూ చెప్పలేరు. రెండు గదులూ ఒకే రికార్డింగులు కొన్ని దిద్దితేనే తెలుస్తుంది. ఎగ్జామినర్ల బిగువును లెక్కలోకి తీసుకుని విద్యార్థుల మార్కును సరిచేసే బహుముఖ రాష్ పద్ధతిని మైక్ లినాకర్ 1989లో రూపొందించారు. దానికైనా ఈ ఉమ్మడి రికార్డింగులే పునాది. ఒక స్కూలు పిల్లల్ని మొత్తం ఒకే గదికి పంపకుండా చీట్లు తీసి పంచమని కూడా అడగండి. మీ సొంత విద్యార్థులు మీ గదికి వస్తే లేచి పక్క గదిలోవారితో మారండి. సొంత టీచరే అడగక తప్పని పరీక్షలు కూడా ఉన్నాయి. అంతర్జాతీయ బాకలారియేట్ రెండో భాషలో 12 నుంచి 15 నిమిషాల మౌఖికాన్ని టీచరే నడిపి మార్కు వేస్తారు, కానీ అంతా రికార్డు చేసి నమూనాలు బయటికి పంపాలి. అలా నమూనాలు పంపే చోట ఏవి పంపాలో టీచర్ ఎంచుకోకూడదు. పై మార్కు, కింది మార్కు, మధ్యలో సమానదూరంలో కొన్ని అని ముందే చెప్పి తీయించాలి.

తల్లిదండ్రులు వచ్చినప్పుడు "నా అనుభవంలో ఇది 12 స్థాయి" అనకండి. నాలుగు అంకెలు, ఒక్కోదాని కింద మీరు రాసుకున్న వాక్యాలు, సాయం గుర్తులు చదవండి. "మూడో మెట్టు ప్రశ్న రెండుసార్లు అడిగాం, జవాబు ఇది" అని చెప్పగలిగితే సంభాషణ మార్కుల మీద నడుస్తుంది, మీ మీద కాదు. ఇతర పిల్లల మార్కులు ఎత్తకండి, వాళ్లు ఎత్తినా. రీవాల్యుయేషన్ కోరితే రికార్డింగు మీరు కాకుండా వేరేవాళ్లు వినాలి, మీ షీటు చూడకుండా.

వీటన్నిటికీ రికార్డింగు కావాలి కాబట్టి, రోజూ మొదటి విద్యార్థి రాకముందే పది సెకన్లు మాట్లాడి తిరిగి విని చూడండి. రెండో పరికరం పక్కన నడుస్తూ ఉండాలి. విద్యార్థి నంబరు, కార్డు నంబరు రికార్డింగు మొదట్లో గట్టిగా చెప్పండి. రికార్డింగు పాడైనట్టు తెలిస్తే ఆ విద్యార్థి గేటు దాటకముందే ఆపండి. ఇద్దరి షీట్లూ సంతకాలతో కవరులో పెట్టి, అదే రోజు వేరే కార్డుతో మళ్లీ పరీక్ష ఇవ్వడానికి ఇష్టమా అని అడగండి. ఇష్టం లేదంటే షీట్లలో ఉన్నదే మార్కు, ఆ మాట ఆ విద్యార్థి చేతే రాయించి తీసుకోండి.